మతం అడగని గుమ్మం: లండన్ యూనివర్సిటీ కాలేజీ చరిత్ర నడకపై సమీక్ష

లండన్‌లోని బ్లూమ్స్‌బరీ పేటలో యూనివర్సిటీ కాలేజీ చరిత్రను ఆ కాలేజీ ఆవరణలోనూ చుట్టుపక్కల వీధుల్లోనూ తిప్పి చూపిస్తూ చెప్పే నడక ఒకటి ఉంది. టికెట్టు పద్దెనిమిది పౌండ్లు, నడక రెండున్నర గంటలు, గుంపులో పన్నెండు మందికి మించి తీసుకోరు. దీన్ని నడిపే సంస్థకు కాలేజీతో ఏ సంబంధమూ లేదు. నాకు ఆ నడకలో నచ్చినవీ ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి. నచ్చనివి కథ చెప్పిన తీరుకు సంబంధించినవే కనుక సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. లండన్‌లోనే మరొక చోట చదువుకుంటున్న మా అక్క కూతురితో కలిసి నిరుడు అక్టోబరులో ఒక శనివారం వెళ్లాను. అక్కడికి వెళ్లే తెలుగువారికి, ముఖ్యంగా పిల్లల చదువుల కోసం వెళ్లి నాలుగు రోజులు ఖాళీ దొరికే తల్లిదండ్రులకు, ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

గౌవర్ స్ట్రీట్ వైపు నుంచి ఆవరణలోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఎత్తయిన మెట్లు, వాటిపైన పది స్తంభాల ముఖమండపం, దాని వెనుక గుమ్మటం కనిపిస్తాయి. గ్రీకు దేవాలయాన్ని తలపించే ఈ కట్టడాన్ని రూపొందించింది విలియం విల్కిన్స్. తరువాత ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీని కట్టినవాడూ ఆయనే. గైడు మమ్మల్ని ఆ మెట్లమీదే కూర్చోబెట్టి మొదటి ప్రశ్న వేశాడు: "ఇంత పెద్ద కాలేజీలో మీకు కనిపించనిది ఏమిటి?" ఎవరూ చెప్పలేకపోయాము. ప్రార్థనా మందిరం. ఆక్స్‌ఫర్డ్‌లోనూ కేంబ్రిడ్జిలోనూ ఏ పాత కళాశాలకు వెళ్లినా చూడక తప్పని చాపెల్‌కు ఇక్కడ మొదటి నక్షాలోనే చోటు లేదు. మాటలతో చెప్పేదాన్ని కంటికి కనిపించేటట్టు మొదలుపెట్టడం ఆ గైడు నేర్పు, అందుకు పూర్తి మార్కులు ఇవ్వాలి.

అక్కడి నుంచి ఆయన ఇంగ్లండు అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చివారి ముప్పై తొమ్మిది మత సూత్రాల సంగతికి వచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఉన్నవి రెండే విశ్వవిద్యాలయాలు. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలంటేనే ఆంగ్లికన్ చర్చి సూత్రాలకు సమ్మతి తెలుపుతూ సంతకం చేయాలి. కేంబ్రిడ్జిలో చేరి చదువుకోవచ్చు కానీ పట్టా పుచ్చుకునే ముందు ఆ చర్చికి చెందినవాడినని ఒప్పుకోవాలి. కాథలిక్కులకు, యూదులకు, ఆంగ్లికన్ చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవ శాఖలవారికి, ఏ మతమూ లేదనేవారికి ఆ విధంగా ఉన్నత విద్య దూరమైంది. 1825 ఫిబ్రవరిలో థామస్ క్యాంప్‌బెల్ అనే కవి, రాజకీయ నాయకుడైన హెన్రీ బ్రూమ్‌ను ఉద్దేశించి టైమ్స్ పత్రికలో ఒక బహిరంగ లేఖ ప్రకటించి, లండన్‌కు ఒక విశ్వవిద్యాలయం కావాలన్నాడు. ఏడాది తిరిగేసరికి, 1826 ఫిబ్రవరి 11న, 'లండన్ యూనివర్సిటీ' అన్న పేరుతో సంస్థ ఏర్పడింది. రాజు ఇచ్చిన మాన్యంతోనో చర్చి ధర్మంతోనో ఏర్పడినది కాదిది. నూరేసి పౌండ్ల వాటాలు అమ్మి, కంపెనీ పెట్టినట్టు పెట్టారు. స్థలం కొనడానికి ముందుకు వచ్చినవారిలో ఐజాక్ లయన్ గోల్డ్‌స్మిడ్ అనే యూదు వ్యాపారి ఒకడు. 1827 ఏప్రిల్ 30న రాజుగారి తమ్ముడు సస్సెక్స్ డ్యూక్ శంకుస్థాపన చేశాడు, 1828 అక్టోబరులో పాఠాలు మొదలయ్యాయి.

దీన్ని చూసి ఆనాటి పెద్దమనుషులు ఎంత మండిపడ్డారో గైడు సరదాగా చెప్పాడు. 'గౌవర్ స్ట్రీట్‌లోని దేవుడు లేని సంస్థ' అన్న నింద ఎంతగా స్థిరపడిందంటే ఈనాటికీ ఆ కాలేజీవారే దాన్ని బిరుదులా చెప్పుకుంటారు. వ్యంగ్య రచయిత థియోడర్ హుక్ దానికి 'స్టింకోమలీ' అని పేరు పెట్టాడు. శ్రీలంకలోని ట్రింకోమలీని, అంటే మన తిరుకోణమలైని, విరిచి అందులో కంపు కొట్టే స్థలం అనే అర్థం ఇరికించిన మాట అది. కాలేజీ కట్టిన చోటు అప్పట్లో చెత్తాచెదారం పడి ఉన్న బురదనేల. గుంపులో ఈ ముక్కకు బిగ్గరగా నవ్వినది మేమిద్దరమే అనుకుంటాను. దేవుడు లేదన్న చోట చేరిన తొలి ఆచార్యులలో చర్చి బోధకులూ ఉన్నారన్నది ఈ కథలో నాకు ఇష్టమైన మెలిక. ఇంగ్లీషుకు తొలి ఆచార్యుడైన థామస్ డేల్ ఆంగ్లికన్ మతాచార్యుడే. హీబ్రూ చెప్పడానికి వచ్చిన హైమన్ హర్విట్జ్ యూదు. మతం ఉన్నవారిని వద్దనడం ఆ సంస్థ ఉద్దేశం కాదు, గుమ్మం దగ్గర మతం అడగకపోవడమే దాని ఉద్దేశం.

ఇంతవరకు నడక చక్కగా సాగింది. తడబాటు 1836 దగ్గర మొదలైంది.

విశ్వవిద్యాలయమని పేరు పెట్టుకున్నా, పట్టాలు ఇచ్చే అధికారం ఈ సంస్థకు దక్కలేదు. పాత విశ్వవిద్యాలయాలూ చర్చీ అడ్డుపడ్డాయి. ఇది చాలనట్టు 1829లో చర్చి పక్షంవారు పోటీగా కింగ్స్ కాలేజీని స్థాపించారు. చివరికి ప్రభుత్వం ఒక మధ్యేమార్గం కనిపెట్టింది: 1836 నవంబరు 28న, ఒకే రోజున, రెండు రాజపత్రాలు, అంటే సంస్థకు హోదా ఇస్తూ రాజు పేర వెలువడే శాసనాలు, వచ్చాయి. ఒకటి 'యూనివర్సిటీ ఆఫ్ లండన్' అనే కొత్త సంస్థకు. దానికి తరగతి గది లేదు, పంతులు లేడు, పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే దాని పని. రెండవది గౌవర్ స్ట్రీట్ కాలేజీకి. అది తన పేరును కొత్త సంస్థకు వదులుకుని 'యూనివర్సిటీ కాలేజీ' అయింది. దేవుడు లేని కాలేజీ, దేవుడికోసం పెట్టిన కాలేజీ పక్కపక్కన ఒకే విశ్వవిద్యాలయం కిందికి చేరి, ఒకే ప్రశ్నపత్రానికి విద్యార్థులను పంపడం మొదలుపెట్టాయి.

గైడు దీన్ని రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు నడిచాడు. వెనుక నడుస్తున్న ఇద్దరు అమెరికన్లు, పేరు ఎవరిది, కాలేజీ ఏది, విశ్వవిద్యాలయం ఏది అని ఒకరినొకరు అడుగుకుంటున్నారు. నా ఉద్దేశంలో ఈ నడక నిలబడి చెప్పవలసిన చోటు ఇదే, ఎందుకంటే ఈ కాలేజీ చరిత్రంతా ఒక పెద్ద విశ్వవిద్యాలయం లోపల ఉంటూ తన సంగతి తాను చూసుకోవడానికి పడిన పెనుగులాట. మన దేశంలో చదువుకున్నవారికి మాత్రం ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. చదువు ఒక చోట, పరీక్ష మరొకరిది, పట్టా మీద పేరు ఇంకొకరిది అన్న అనుబంధ కళాశాల పద్ధతి మనకు వచ్చినది ఇక్కడి నుంచే. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను స్థాపించినప్పుడు లండన్ విశ్వవిద్యాలయాన్నే నమూనాగా తీసుకున్నారు. ఆ పద్ధతిలోనే రాజమండ్రిలోనూ బందరులోనూ చదివినవారు మద్రాసు వారి పరీక్షలు రాసి మద్రాసు వారి పట్టాలు పుచ్చుకున్నారు. తెలుగువారికి తమ విశ్వవిద్యాలయమంటూ కావాలన్న కోరిక 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయంగా ఫలించింది. గౌవర్ స్ట్రీట్ కాలేజీ పుట్టిన సరిగ్గా నూరేళ్లకు అది జరగడం కాకతాళీయమే అయినా, ఆ మెట్లమీద కూర్చున్నప్పుడు నాకు గుర్తుకు రాక మానలేదు.

తరువాతి కథను కూడా గైడు పరుగున దాటించాడు. 1858 నుంచి కాలేజీలతో పని లేకుండా ఎవరైనా లండన్ పరీక్షలు రాయవచ్చునన్నారు. 1900 నాటికి లండన్ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పే సంస్థగా మారింది. 1907లో ఈ కాలేజీ తన ప్రత్యేక చట్టబద్ధ ఉనికినే వదులుకుని అందులో కలిసిపోయింది. మళ్లీ 1977లో సొంత రాజపత్రం సంపాదించుకుంది, 2005లో సొంతంగా పట్టాలిచ్చే అధికారం పొందింది. 1820లలో అడిగినది చేతికి రావడానికి నూట డెబ్బై ఏళ్లు దాటాయన్న మాట. అయినా లండన్ విశ్వవిద్యాలయంలో సభ్యత్వాన్ని వదులుకోలేదు.

ఇక తత్వవేత్త జెరెమీ బెంథామ్. నడకలో ఎక్కువ సమయం ఈయనకే పోయింది. బెంథామ్ 1832లో మరణిస్తూ, తన శరీరాన్ని వైద్య విద్యార్థుల ముందు కోసి చూపించి, ఆపైన అస్థిపంజరానికి తన దుస్తులే తొడిగి కూర్చోబెట్టమని విల్లు రాశాడు. 1850లో ఆ 'ఆటో ఐకాన్' ఈ కాలేజీకి చేరింది. 2020 నుంచి గోర్డన్ స్ట్రీట్‌లోని స్టూడెంట్ సెంటర్‌లో గాజు పెట్టెలో ఉంది. వెడల్పాటి అంచు టోపీ, గోధుమరంగు కోటు, చేతి దగ్గర డాపుల్ అని ముద్దుపేరు పెట్టుకున్న చేతికర్ర. తల మాత్రం మైనంతో చేసినది, అసలు తలను ఎండబెట్టడం సరిగా కుదరలేదు కనుక. దగ్గరకు వెళ్లి చూస్తే కోటు ముంజేతుల దగ్గర బట్ట పలచబడి ఉంది, బూట్లు మాత్రం నిన్ననే పాలిష్ పెట్టినట్టున్నాయి. ఆ పెట్టె పక్కనే విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టుకుని శాండ్‌విచ్‌లు తింటున్నారు. చూడవలసినదే, కాదనను.

కానీ ఈయన ఈ కాలేజీ స్థాపకుడు కాడు. సంస్థ పుట్టేనాటికి ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు నిండవస్తున్నాయి. ఆయన ఆలోచనలు స్థాపకులకు దారి చూపిన మాట నిజం, తానూ ఒక వాటా కొన్నాడు, అంతవరకే. గుమ్మటం కింద, గ్రంథాలయంలోని ఫ్లాక్స్‌మన్ గ్యాలరీలో హెన్రీ టాంక్స్ 1920లలో వేసిన కుడ్యచిత్రంలో విల్కిన్స్ తన నక్షాను బెంథామ్ ముందు వినయంగా పరుస్తున్నట్టు ఉంటుంది. అలాంటిది ఎన్నడూ జరగలేదు. ఆ చిత్రాన్ని ఫోటోలో చూపించి గైడు దాన్ని జరిగిన సంగతిగానే చెప్పాడు. పాలకమండలి సమావేశాలకు బెంథామ్‌ను చక్రాల మీద తీసుకువెళ్లి, 'హాజరు, ఓటు వేయలేదు' అని ప్రతిసారీ రాస్తారన్న పుక్కిటి పురాణాన్ని కూడా నిజమన్నట్టే వినిపించాడు. డబ్బు తీసుకుని చరిత్ర చెప్పేవారు కట్టుకథను కట్టుకథగా చెప్పినా జనం నవ్వుతారు, దానికి లోటేమీ రాదు.

బెంథామ్‌కు ఇచ్చిన ఇరవై అయిదు నిమిషాల్లో పది నిమిషాలు కోసి అగస్టస్ డి మోర్గన్‌కు ఇచ్చి ఉంటే ఈ నడకకు నేను కళ్లు మూసుకుని అయిదు చుక్కలు ఇచ్చేవాడిని. ఈయన పేరు నడక మొత్తంలో ఒక్కసారి, అదీ 'గణిత శాస్త్రజ్ఞుడు' అన్న మాటతో, వినిపించింది. డి మోర్గన్ పుట్టినది 1806లో మదురైలో, అంటే మన మద్రాసు రాజధానిలోనే. కేంబ్రిడ్జిలో 1827 గణిత పరీక్షలో నాలుగో స్థానం సంపాదించాడు. పై పట్టా తీసుకుని అక్కడే ఫెలోగా స్థిరపడడానికి మతపరమైన ఒప్పుకోలు అవసరమంటే, కుదరదని బయటికి వచ్చేశాడు. ఇరవై ఒక్క ఏళ్ల వయసులో గౌవర్ స్ట్రీట్‌లో తొలి గణితాచార్యుడయ్యాడు. 1831లో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యుణ్ణి పాలకమండలి సరైన కారణం చూపకుండా తీసేస్తే తానూ రాజీనామా చేశాడు. 1836లో తిరిగి వచ్చి ముప్పై ఏళ్లు చెప్పాడు.

1866లో తర్కశాస్త్రానికీ మనస్తత్వ దర్శనానికీ ఆచార్యుడు కావలసి వచ్చింది. జేమ్స్ మార్టినో అనే అభ్యర్థికి ఎవరూ సందేహించలేనంత పాండిత్యముంది, కానీ ఆయన, త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్ క్రైస్తవ శాఖకు పేరుమోసిన బోధకుడు. పాలకమండలిలో కొందరు ఆయన శాఖకు జడిశారు. జార్జ్ గ్రోట్ వంటివారు మత నిర్లిప్తత గల కాలేజీలో మతబోధకుడు దర్శనం చెప్పడం తగదన్నారు. మార్టినోకు ఉద్యోగం రాలేదు. డి మోర్గన్ వాదం సూటిగా ఉంది: ఒక మనిషిని అతని మతం చూసి చేర్చుకోవడం ఎంత తప్పో, అతని మతం చూసి వద్దనడమూ అంతే తప్పు, ఆ ప్రశ్న అడగడంతోనే కాలేజీ తన మూలసూత్రాన్ని విడిచిపెట్టింది. అలా చెప్పి అరవై ఏళ్ల వయసులో రెండోసారి, చివరిసారి, రాజీనామా చేశాడు. లౌకిక విద్యాసంస్థ అంటే ఏమిటన్న ప్రశ్న మీద ఆ ఆవరణలో జరిగిన అసలు తగాదా ఇది, దీన్ని చెప్పకుండా మైనపు తల గురించి చెప్పడం పెళ్లికొడుకును వదిలేసి బ్యాండుమేళాన్ని వర్ణించినట్టుంది.

డి మోర్గన్ శిష్యుడు జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ కథ కూడా ఇక్కడే అతికేది. యూదుల పిల్లవాడు, పద్నాలుగేళ్లకే ఈ కాలేజీలో చేరాడు. తరువాత కేంబ్రిడ్జికి వెళ్లి 1837 గణిత పరీక్షలో రెండో స్థానంలో నిలిచినా, మత సూత్రాలను ఒప్పుకోలేదు కనుక పట్టా ఇవ్వలేదు. మరుసటి ఏడాదే ఈ కాలేజీ ఆయనను ఆచార్యుడిగా తీసుకుంది. పట్టా లేనివాడికి పీఠం! పాత విశ్వవిద్యాలయాలలో ఈ నిబంధనలు పూర్తిగా పోవడానికి 1871 వరకు పట్టింది.

నడక చివర ప్రశ్నలు అడగవచ్చునన్నారు. "ఇక్కడ తెలుగు ఆచార్యుడు ఒకరుండేవారు, ఆయన సంగతి చెబుతారా?" అని అడిగాను. గైడు మొహమాటంగా నవ్వాడు. 1855 నుంచి ఇండియా సివిల్ సర్వీసుకు పోటీ పరీక్షలు పెట్టారు, ఎంపికైన కుర్రవాళ్లు తాము పోయే రాజధాని భాష నేర్చుకోవాలి, వారికి చెప్పేవారు కావాలి. అటువంటి కాలంలో దాదాభాయి నౌరోజీ 1856 నుంచి ఇక్కడ గుజరాతీ ఆచార్యుడు, జ్ఞానేంద్రమోహన్ ఠాగూర్ హిందూ ధర్మశాస్త్రమూ బెంగాలీ చెప్పారు, 1860ల నడుమ తెలుగు పీఠంలో ఉన్నది మన సి.పి. బ్రౌన్. కడపలో బంగళా కొని పండితులను కూర్చోబెట్టి తాటాకు ప్రతులను శుద్ధి చేయించిన, 1852లో నిఘంటువు అచ్చు వేయించిన ఆ బ్రౌనే. ఉద్యోగ విరమణ తరువాత లండన్ చేరి, ఈ పది స్తంభాల కాలేజీకి తెలుగు చెప్పడానికి వచ్చేవాడు. పార్సీ నౌరోజీని గానీ మరొకరిని గానీ నీ దేవుడెవరని అడగని చోటు కాబట్టే ఇక్కడ ఇందరు కూడారని నేను అనుకుంటాను. చర్చి కాలేజీలో వారికి ఇంత సులువుగా చోటు దొరికేదా అన్నది సందేహమే. గైడు జేబులోంచి చిన్న పుస్తకం తీసి 'బ్రౌన్' అని రాసుకుని, 'కడప' అన్న మాటకు అక్షరాలు అడిగి మరీ రాసుకున్నాడు.

"మామయ్యా, పాపం ఆయన్ని మీరు పరీక్షకు కూర్చోబెట్టారు," అంది మా మేనకోడలు. నిజమే, కొంచెం ఎక్కువే చేశాను.

మిగిలినవాటిలో ఆయన తన బాధ్యతను నెరవేర్చాడనే చెప్పాలి. 1878లో స్త్రీలకు పురుషులతో సమానంగా తరగతులు తెరిచినప్పుడు వైద్యాన్నీ ఇంజనీరింగునూ మినహాయించారని, వైద్యం తలుపు తెరుచుకోవడానికి మొదటి ప్రపంచ యుద్ధం రావలసి వచ్చిందని దాచకుండా చెప్పాడు. 1863లో జపాన్‌లోని చోషూ నుంచి దొంగచాటుగా వచ్చిన అయిదుగురు యువకుల స్మారక శిల దగ్గర ఆపి, వారిలో ఇతో హిరోబుమి తరువాత జపాన్ తొలి ప్రధానమంత్రి అయ్యాడని చెప్పినప్పుడు గుంపులో అందరూ ఫోన్లు తీశారు. పుట్టుకను బట్టి మనుషులను మేలైనవారు, తక్కువవారు అని విడదీసిన ఫ్రాన్సిస్ గాల్టన్ సుజనన శాస్త్రానికి ఈ కాలేజీ ఇల్లయిన సంగతి, గాల్టన్ వంటివారి పేర్లను భవనాల మీద నుంచి 2020లో తీసివేసిన సంగతి, 2021లో కాలేజీ క్షమాపణ చెప్పిన సంగతి కూడా మెత్తబరచకుండా చెప్పాడు. మతం అడగని చోట పుట్టుకను కొలిచారన్న ముక్క ఆయనది కాదు, నాది.

సౌకర్యాల విషయానికి వస్తే, చెవిలో పెట్టుకోమని ఇచ్చిన పరికరం నాకు సగం దారిలోనే గరగరలాడి ఆగిపోయింది, మారుద్దామంటే అదనంగా మరొకటి తేలేదన్నారు. వాన వస్తే నిలబడడానికి స్తంభాల మండపం తప్ప ముందుగా అనుకున్న చోటంటూ లేదు. మాకు పది నిమిషాల జల్లు అక్కడే గడిచింది, ఆ పది నిమిషాలలో గైడు పాఠం చెప్పకుండా ఫోను చూసుకున్నాడు. మెట్లు ఎక్కలేని పెద్దవారు కింద నుంచే చూడవచ్చు, నడకలో ఎత్తుపల్లాలు లేవు. గ్రంథాలయం లోపలికి వెళ్లనివ్వరు కనుక కుడ్యచిత్రాన్ని ఫోటోలోనే చూడాలి. టికెట్టులో చేరని పీట్రీ ఈజిప్టు మ్యూజియం, గ్రాంట్ జంతు మ్యూజియం దగ్గరలోనే ఉన్నాయి, రెండింటికీ ప్రవేశం ఉచితం. పిల్లలు వెంట ఉంటే గాజు సీసాలో కుక్కిన, మట్టి తవ్వే 'మోల్' అనే చిన్న జంతువుల కోసమైనా రెండోదానికి వెళ్లాలి.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. చరిత్ర ముందే కొంత చదువుకున్నవారికి పద్దెనిమిది పౌండ్లు ఎక్కువ, ఆవరణలోకి తామే వెళ్లి మెట్లమీద గంట కూర్చుంటే చాలు. ఏమీ తెలియకుండా వెళ్లేవారికి మాత్రం మొదటి నలభై నిమిషాలకే డబ్బు గిట్టుతుంది. ఉదయం పదిన్నర నడకకు వెళ్లండి. మధ్యాహ్నం గుంపులకు స్టూడెంట్ సెంటర్‌లో బెంథామ్ దగ్గర నిలబడడానికి చోటుండదు. ప్రశ్నల సమయంలో బ్రౌన్ గురించి ఒకసారి అడిగి చూడండి, ఆ చిన్న పుస్తకంలో రాసుకున్నది ఎంతవరకు వచ్చిందో నాకూ తెలుస్తుంది.